మరతో చదరంగం

చదరంగం యిద్దరు కూర్చుని ఆడవలసిన ఆట. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు మన యిళ్ళలో దీనికి పెద్ద హంగులేవీ అక్కరలేకపోయేది. అరుగు, పటం, పావులు వుంటే చాలు. ఆడేవారు యిద్దరయితే ఎత్తులు చెప్పేవారు ఆరుగురు. ఆట తెలుగులో మొదలయి, తగవు ముదిరేసరికి కన్నడంలోకి దిగేది. యీ సీమకు చదరంగం కొత్తదేమీ కాదు. మైసూరు నేలిన ముమ్మడి కృష్ణరాజ ఒడెయరువారు (1794–1868), గుర్రం ఒకసారి తొక్కిన గడిని మళ్ళీ తొక్కకుండా 64 గళ్ళూ తిరిగివచ్చే చిక్కులను కూర్చిన ప్రభువు.

యిప్పుడు ఎదుట మనిషి లేకుండానే ఆట నడుస్తున్నది. ఆ స్థానంలో మర వచ్చి కూర్చున్నది. యీ నెల దానినిగురించి నాలుగు మాటలు ముచ్చటిద్దాము.

మర చదరంగం ఆడుతుందన్న మాట మొదట మోసంతోనే పుట్టింది. 1770లో వియన్నా రాజసభలో కెంపెలెన్ అనే ఆయన తలపాగా చుట్టిన తురుష్కుని బొమ్మ నొకదానిని పెట్టెముందు కూర్చోబెట్టి చదరంగం ఆడించాడు. 1809లో నెపోలియన్ అంతటివాడు ఆ బొమ్మకు ఓడిపోయాడు. పెట్టెలోపల మంచి ఆటగా డొకడు ముడుచుకొని కూర్చుని ఎత్తులు వేసేవాడన్నది అసలు రహస్యం. నిజమైన మర ఆటకు 1950లో అమెరికా శాస్త్రజ్ఞుడు షానన్ తన వ్యాసంలో దారి చూపాడు. 1977లో చెస్ ఛాలెంజర్ అనే ఆటపెట్టె బజారులోకి వచ్చింది. 1997లో న్యూయార్కులో డీప్ బ్లూ అనే యంత్రం జగజ్జేత కాస్పరోవ్‌ను 3½–2½ తేడాతో ఓడించింది.

మరకు తెలివి వున్నదా అంటే, వున్నది లెక్క. మొదట తెల్లపావులవారికి 20 ఎత్తులు, నల్లవారికీ 20. చెరొక ఎత్తు వేసేసరికే 400 రకాల ఆటలు. డీప్ బ్లూ సెకనుకు 20 కోట్ల స్థితులు చూసేదట. బంటుకు 1, గుర్రానికీ శకటుకూ 3, ఏనుగుకు 5, మంత్రికి 9 అని వెల కట్టి, షావుకారు చిట్టా చూసుకొన్నట్లు లాభనష్టాలు చూసి ఎత్తు వేయడం దాని పద్ధతి.

పాతరకం విద్యుత్ బల్లమీద మేమూ ఆడి చూశాము. పావును గడిమీద నొక్కితే మర గ్రహిస్తుంది. కొంతసేపు ఆలోచించి, అంచున చిన్న ఎర్రదీపాలు వెలిగించి తన ఎత్తు చెబుతుంది. దానికి చేతులు లేవు గనుక దాని పావులనుకూడా మనమే జరపాలి. మన మంత్రిని చంపే గుర్రాన్ని మన వేళ్ళతోనే నడిపించాలన్నమాట!

మరవల్ల మేలు లేదనము. రాత్రి పదిగంటలకు బాగేపల్లిలో ఆట తెలిసిన తోడు దొరకాలంటే సులభమా? మర విసుక్కోదు, కాఫీ అడగదు, ఓడినవాణ్ణి పదిమందిలో ఎగతాళి చేయదు. కాని పిల్లలు దానితోనే పెరిగితే వచ్చే చిక్కు ఒకటున్నది. ఓడిపోయే సమయానికి బొత్తాము నొక్కి ఎత్తు వెనక్కు తీసుకొంటారు, లేదా కొత్త ఆట మొదలుపెడతారు. ఎదుట తాతగారు వుంటే ఆ వీలుండదు. ఓడి, ఆయన ముఖంలోకి చూసి, పావులు సర్దిపెట్టి, "మళ్ళీ ఆడదాం తాతా" అనవలసివస్తుంది. ఆ మాట అనగలిగిన పిల్లవాడికి పరీక్ష తప్పినా, ఉద్యోగం దొరకకపోయినా కాలు నిలుస్తుంది.

మరొక చిక్కు, ఆలోచనను మరకు అప్పగించడం. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేష్ 2024 డిసెంబరు 12న సింగపూరులో డింగ్ లిరెన్‌ను గెలిచి 18వ యేటనే జగజ్జేత అయ్యాడు. అతని గురువు విష్ణుప్రసన్నగారు, శిష్యుడు గ్రాండ్‌మాస్టరు అయ్యేదాకా అతన్ని చదరంగపు కంప్యూటరు జోలికి పోనివ్వలేదని పత్రికలు రాశాయి. ముందు సొంత బుర్రతో లెక్క వేయాలన్నది ఆయన పట్టు. గుడివాడలో పుట్టి 2002లో గ్రాండ్‌మాస్టరు అయిన కోనేరు హంపికి ఆట నేర్పినవారు తండ్రి అశోక్‌గారే.

కనుక మరను యింటినుండి వెళ్ళగొట్టమని మేము చెప్పము. ఆట ముగిసినతరువాత తప్పు ఎక్కడ జరిగిందో దానిని అడగండి. ఆట నడుస్తుండగా మాత్రం అడగవద్దు. మన పాత ఆటలో బంటు మొదటి ఎత్తుకూడా ఒక్క గడే నడిచేదని పిల్లలకు చెప్పవలసినవారు యింటి పెద్దలే. వారు పటంముందు ఒంటరిగా కూర్చుంటే ఆ మాట ఎవరికి చెబుతారు?

మన సంఘంవారికి ఒక మనవి. వచ్చే ఉగాదికి ముగ్గుల పోటీతోపాటు నాలుగు చదరంగపు పటాలుకూడా పరిపించండి. ఒకవైపు అరవై దాటినవారు, ఎదుట పన్నెండేళ్ళలోపు పిల్లలు. ఫోనులు గడప బయట, చెప్పులపక్కన. ఎవరు గెలిచినా ప్రసాదం యిద్దరికీ సమానమే.