బంకు క్రింది మన్ను

మట్టి పరీక్ష యనగానే మనకు రెండు పరీక్షలే తలంపునకు వచ్చును. రైతు తన చేనిలో అక్కడక్కడ దోసెడు మన్ను తీసి, సంచిలో గట్టి, నత్రజని భాస్వరముల పాలు తెలిసికొనుటకై పంపెడు భూసార పరీక్ష యొకటి. అంతస్తుల మేడ లేపుటకు ముందు ఆ నేల యెంత బరువు మోయగలదో తెలియుటకై ఇంజనీరు చేయించెడు పరీక్ష రెండవది. మూడవ దొకటి కలదు. ముప్పది నలువది యేండ్లు పెట్రోలు అమ్మిన బంకు మూతపడి, భూమిలోని ఇనుప ట్యాంకులను క్రేనుతో పైకి లాగిన దినమున, ఆ గోతి యడుగున నున్న మన్నులో ఇంధన మేమైన ఇంకినదా యని చూచెడు పరీక్ష అది. గోతిని పూడ్చక మున్నే ఈ పరీక్ష జరిగి తీరవలెననియు, దాని ఫలితము ఆ స్థలపు దస్తావేజులతో పాటు చేతులు మారవలెననియు నా దృఢాభిప్రాయము.

బంకులో ప్రతిదినమును డిప్ రాడ్డుతో ట్యాంకులోని మట్టము కొలిచి, అమ్మకపు లెక్కతో సరిచూచుకొందురు. అయినను దినమునకు ఐదువేల లీటర్లు అమ్ముడుపోవుచోట ఒక్క లీటరు నేలలోనికి జారిపోయినచో, అది ఆవిరి తరుగులోను, వేడిచలువలను బట్టి ఇంధనము పొంగి క్రుంగెడు తేడాలోను కలిసిపోవునే గాని ఆ కొలకఱ్ఱకు అందదు. ఆ లీటరే యేడాదికి 365 లీటర్లు. పైగా కారునది ఎల్లప్పుడు ట్యాంకే కాదు. పైపుల కీళ్ళు వదులై కారునది కొంత, ట్యాంకరు గొట్టము తగిలించెడు మూతి దగ్గఱ ఏండ్ల తరబడి ఒలికినది కొంత.

నేడు మనదేశమున అమ్మెడు పెట్రోలులో బెంజీన్ నూటికి ఒక పాలు వరకు ఉండవచ్చును. అది రక్తపు క్యాన్సరునకు హేతువని నిర్ధారణయైన ద్రవ్యము. త్రాగునీటిలో లీటరునకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన నుంచి గుణించి చూచినచో, ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీన్ అంతయు నీట గలసిన పక్షమున సుమారు 8,80,000 లీటర్ల నీటిని ఆ హద్దునకు చేర్చగలదని తేలును. అంతయు నీరు చేరదు, నిజమే. కొంత ఆవిరియై పోవును, కొంత మట్టిలోని సూక్ష్మజీవులు ఆరగించును. కాని మనము పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ళు ఇథనాల్ కలుపుచున్న ఈ కాలమున, ఆ జీవులు ఇథనాల్‌నే ముందుగా తిని, మట్టిలోని ప్రాణవాయువును దానికే వెచ్చించుటచేత, బెంజీన్ మఱింత కాలము నిలిచి మఱింత దూరము పోగలదని శాస్త్రజ్ఞులు గుర్తించిరి.

కాలిఫోర్నియా సముద్రతీరమున నున్న సాంటా మోనికా నగరపు బావులలో, పెట్రోలునకు కలిపెడు ఎంటీబీఈ యను ద్రవ్యము భూగర్భ ట్యాంకులనుండి కారి చేరినదని బయటపడి, 1996లో ఆ బావులను మూయవలసివచ్చెను. నగరపు నీటిలో సుమారు సగము పోయి, బయటినుండి కొని త్రాగిరి. ఆ బావులను తిరిగి తెఱచుటకు దాదాపు పదునైదేండ్లు పట్టెను. అమెరికా దేశము 1984లోనే భూగర్భ ట్యాంకులకు శాసనము చేసి, 1988 నాటి నిబంధనలలో, ట్యాంకును శాశ్వతముగా మూయువాడు కారుటకు మిక్కిలి అవకాశమున్న చోట్ల పరీక్ష చేసి చూపవలెనని విధించెను. నాటినుండి అచ్చట నిర్ధారణయైన లీకులు ఐదు లక్షలకు మించినవి. వారి నేల మన నేలకన్న పాపిష్ఠిది కాదు. వారు వెదకిరి గనుక కనబడినవి.

పరీక్ష చేయుట బ్రహ్మవిద్య కాదు గాని, శ్రద్ధ గావలెను. ట్యాంకు చుట్టు పోసిన ఇసుకను గాక దాని క్రింది సహజమైన మన్నును, ట్యాంకు రెండు కొనల క్రిందను, పైపుల కీళ్ళ క్రిందను, పంపులు నిలిచిన దిమ్మెల క్రిందను తీయవలెను. వాసన చూచి తీర్పు చెప్పరాదు. గంటసేపు ఎండలో పోగువోసిన మన్నును పంపినచో బెంజీన్ గాలిలో గలసిపోయి, కలుషితమైన నేలకు నిర్దోషి యను పత్రము వచ్చును. కావున తీసిన వెంటనే గాలికి చోటులేకుండ సీసాలో కూరియో, మెథనాల్‌లో ముంచియో, మంచుపెట్టెలో ప్రయోగశాలకు చేర్పవలెను. అచ్చట బెంజీన్, టొలువీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్‌ల పాళ్ళను వేఱువేఱుగను, డీజిల్ ట్యాంకు క్రింది మన్నులో మొత్తము హైడ్రోకార్బనులను కొలుతురు. సీసము కలిపిన పెట్రోలును మనదేశము 2000 ఫిబ్రవరిలో మానినది. అంతకు మున్నుండి నడచిన బంకైనచో సీసమును గూడ చూడవలెను.

గోతి తెఱచియున్ననాడే చూడవలెనని నేను పట్టుబట్టుటకు కారణము మన నేలలోనే యున్నది. తెలంగాణమునందును రాయలసీమయందును పెక్కుచోట్ల మొరము క్రింద గట్టిఱాయి. అందు నీరును ఇంధనమును పరచుకొని పాఱవు, పగుళ్ళవెంట పోవును. తరువాత నెవరో నాలుగు బోర్లు వేసి వెదకినను ఆ పగులు తప్పిపోవచ్చును, అదే పగులు ప్రక్కవీథివారి బోరునకు తగులవచ్చును. కృష్ణా గోదావరీ డెల్టాలలోనైతే, నీరు కొన్ని అడుగుల లోతుననే యుండుటచేత, పెక్కుచోట్ల ట్యాంకు అడుగు ఊటనీటికే తగులుచుండును.

స్థలము కొనునప్పుడు మనవారు లింకు దస్తావేజులు చదివించి, ఈసీ తీయించి, తాకట్టు లేదని రూఢి చేసికొన్న పిదప గాని బయానా ఇయ్యరు. ఆ ఈసీలో అప్పులు కనబడును, గోతిలోని బెంజీన్ కనబడదు. లీజు తీఱిన స్థలము యజమానికి వచ్చి, అపార్టుమెంటు లేచి, బోరు పడి, ఆ నీటితో తల్లులు పసిబిడ్డలకు స్నానము చేయింతురు. ధర పడిపోవునని స్థలయజమాని భయపడుట సహజము. అందుచేతనే పరీక్ష వ్యయమును, శుద్ధి వ్యయమును ఇంధనము నిలువచేసి అమ్మిన చమురు సంస్థ భరింపవలెను.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరి మార్గదర్శకములలో క్రొత్త బంకులు బడులకును ఆసుపత్రులకును ఎడముగ నుండవలెనన్నది. ఊరు పెరిగి నడుమ జిక్కిన పాతవాటి మాట? కలుషిత స్థలముల నియమములు 2025 జులైలో వెలువడి, అనుమానము గల స్థలములను గుర్తించు భారము జిల్లా యంత్రాంగముపై మోపినవి. బంకులకు లైసెన్సు లిచ్చెడు పెట్రోలియము, పేలుడు పదార్థముల భద్రతా సంస్థ దస్త్రములలో మూతపడిన వాని పేరులు దొరకును. కలెక్టర్లు అచ్చటనే మొదలుపెట్టి, ముందుగా చుట్టుపట్ల బోర్ల నీటిని పరీక్షింపజేయవలెను. ఇకపై మూతపడెడు ప్రతి బంకునకును, గోతినుండి తవ్వి తీసిన మన్ను ఏ లారీలో ఏ చెఱువుగట్టునకు పోయినదో మట్టి పరీక్ష నివేదికయందే వ్రాయింపవలెను.