కాలేజీ వర్క్‌షాపు తలుపు పల్లెకూ తెరవాలి

ఇంజనీరింగు చదివే పిల్లలు చేతులతో పనిచేసి నేర్చుకోవాలని విశ్వవిద్యాలయాలు 'మేకర్ స్పేస్' పేరుతో తయారీశాలలు పెడుతున్నాయి. పేరు కొత్తదే గాని సంగతి మనకు తెలిసిందే. కమ్మరి కొలిమి, వడ్రంగి కొట్టం ఒకే కప్పు కిందికి వచ్చినట్టు ఉంటుంది. లేత్ మిషను, వెల్డింగు సామాను, లేజర్‌తో చెక్కను కోసే యంత్రం, త్రీడీ ప్రింటరు అక్కడ ఉంటాయి. విద్యార్థి తనకు తోచిన వస్తువును కంప్యూటరుపై గీసి, అక్కడే తయారుచేసి, పనిచేయకపోతే విప్పి మళ్ళీ చేస్తాడు.

ఇది మంచి చదువే. అయితే ఆ గదిలో ఎవరి అవసరం తీరుతున్నదన్నది ఆలోచించవలసిన విషయం.

మన జిల్లా అనుభవమే చూద్దాం. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చేనేత కుటుంబంలో పుట్టి ఆరో తరగతితో బడి మానారు. పోచంపల్లి తరహా చీరకు చిటికి కట్టే ముందు ఆసు పోయాలి. ఒక్కో చీరకు చేతిని సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. రోజుకు రెండు చీరలంటే 18 వేల సార్లు. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆయన 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. అప్పులపాలయ్యారు, ఎగతాళి భరించారు. 1999లో గాని యంత్రం పూర్తి కాలేదు. హైదరాబాదు బాలానగర్‌లో కరెంటు పనికి వెళ్ళిన చోట ఒక యంత్రం కదలికను చూశాకే చివరి చిక్కు వీడింది. నాలుగైదు గంటల ఆసు పని గంటన్నరకు తగ్గింది. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఆయనకు తెలివి కొరవడలేదు. సాధనాలు, వాటిని చూపించే మనిషి కొరవడ్డారు. యంత్రాలున్న షెడ్డులో కాలు పెట్టే వీలు మొదటే దొరికి ఉంటే ఏడేళ్ళు పట్టేదా?

తలుపు తెరవడం కాని పనేమీ కాదు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ అనే ఆచార్యుడు 1998లో 'దాదాపు ఏదైనా తయారుచేయడం ఎలా' అనే పాఠం మొదలుపెడితే ఇంజనీరింగు చదవని వారు కూడా వచ్చి చేరారు. ఆ పద్ధతి 2002లోనే మహారాష్ట్రలోని పాబళ్ గ్రామానికి చేరింది. బడి మానిన పల్లె పిల్లలకు పని ద్వారా చదువు నేర్పాలని డాక్టర్ కల్బాగ్ 1983లో అక్కడ స్థాపించిన విజ్ఞాన ఆశ్రమంలో 'ఫ్యాబ్ ల్యాబ్' వెలిసింది.

హైదరాబాదులో 2023 మార్చిలో టీ-వర్క్స్ ప్రారంభమైంది. 78 వేల చదరపు అడుగుల పెద్ద తయారీ కేంద్రమది. కాని మోత్కూరు నేతన్న ఒక కూలి రోజు పోగొట్టుకొని, బస్సు చార్జీలు పెట్టుకొని రాయదుర్గం వెళ్ళగలడా? ఇంజనీరింగు కాలేజీలు మాత్రం మన జిల్లాలోనే ఉన్నాయి.

కనుక వారానికి ఒక రోజు కాలేజీ వర్క్‌షాపులో రైతులకు, నేతన్నలకు, చేతివృత్తుల వారికి ప్రవేశం కల్పించాలి. చివరి ఏడాది ప్రాజెక్టును కొందరు డబ్బిచ్చి బయట చేయించుకుంటున్న సంగతి తెలిసిందే. దాని బదులు ఒక ఊరి చిక్కును ఎంచుకోమనాలి. మన నేలకు కుదిరే కలుపు యంత్రం, గీత కార్మికుడు నమ్ముకోదగిన మోకు, మగ్గం గుంటలో కూర్చునే వారి నడుము నొప్పి తగ్గించే ఆసనం ఇలా ఎన్నో ఉన్నాయి.

ఖరీదైన యంత్రాలు పాడవుతాయని, ప్రమాదాలు జరుగుతాయని యాజమాన్యాలు అనవచ్చు. ఆ భయం అబద్ధం కాదు. అందుకే యంత్రం మీద శిక్షణ పొందిన విద్యార్థి ఉండాలి, పక్కన పని తెలిసిన మనిషి కూర్చోవాలి. ఇనుము, చెక్క ఖర్చు అవసరమున్నవారు భరించవచ్చు. ఒక షరతు మాత్రం ముందే రాసుకోవాలి. ఆలోచన ఊరివాడిదైతే పేరులోనూ, వచ్చే లాభంలోనూ అతనికి వాటా ఉండాలి.

సర్పంచులు, చేనేత సహకార సంఘాల వారు దగ్గరి కాలేజీకి వెళ్ళి ఈ మాట అడగాలి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. చెడిన పనిముట్టు ఒకటి చేతపట్టుకొని వెళితే ఇంకా మంచిది.