ఫోన్‌లోనే సైన్స్ ల్యాబ్: ఉచితంగా ఏమున్నాయి? పిల్లలతో ఎలా చేయించాలి?

దువ్వాడ, కూర్మన్నపాలెం వైపు చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే. అమ్మో నాన్నో సెజ్‌కో స్టీల్ ప్లాంటుకో షిఫ్టుకు వెళ్తే ఫోనూ వెళ్లిపోతుంది. ఇక ఆన్‌లైన్ సైన్స్ పాఠం ఎప్పుడు?

ప్రభుత్వం ఏం చేసింది?
రాష్ట్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 21న ప్రభుత్వ పాఠశాలల్లో 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. మొత్తం సుమారు 5.18 లక్షల ట్యాబ్‌లు. నెట్ లేకున్నా చూసేలా బైజూస్ పాఠాలను వాటిలో ముందే ఎక్కించారు. ఆ సంస్థ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అందుకే ఒక్క ప్రైవేటు యాప్‌నే నమ్ముకోకుండా, ఉచిత వేదికల గురించి తెలుసుకోవడం మేలు.

ఉచితంగా ఏమున్నాయి?
దీక్ష: కేంద్రం 2017లో తెచ్చిన వేదిక. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఈ యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠం తెరుచుకుంటుంది. డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండానూ చూడొచ్చు.
ఫెట్: అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం రూపొందించింది. బ్యాటరీ, తీగ, బల్బు కలిపి సర్క్యూట్ కట్టొచ్చు. తప్పుగా కలిపినా నష్టం లేదు.
ఓల్యాబ్స్: అమృత విశ్వవిద్యాలయం, సీడాక్ కలిసి చేసిన ఆన్‌లైన్ ప్రయోగశాల. 9 నుంచి 12 తరగతులకు పనికొస్తుంది.

చూస్తే చాలదా?
చాలదు. 14-16 ఏళ్ల గ్రామీణ పిల్లలపై జరిపిన అసర్ 2024 సర్వేలో, అంతకుముందు వారంలో ఫోన్‌ను చదువుకు వాడామన్నవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడామన్నవారు 76 శాతం. ఫోన్ ఇచ్చినంత మాత్రాన సైన్స్ రాదు. వీడియోలో చూసింది చేతితో చేయాలి.

ఇంట్లో ఇలా చేయండి
తుప్పు పాఠమే తీసుకోండి. మూడు గ్లాసుల్లో ఒక్కో ఇనుప మేకు వేయండి. ఒకదాంట్లో కుళాయి నీళ్లు, రెండోదాంట్లో ఉప్పు నీళ్లు పోయండి. మూడోదాన్ని పొడిగా ఉంచి మూత పెట్టండి. ఏది ముందు తుప్పు పడుతుందో పిల్లల చేత ముందే రాయించండి. వారం రోజులు రోజుకో ఫొటో తీయించండి. తర్వాత అడగండి: సముద్రం పక్కనున్న మన ఊళ్లో గేట్లకు, పోర్టులో ఓడలకు రంగు ఎందుకు వేస్తారు?

దీనికి ఫోన్ రోజుకు రెండు నిమిషాలు చాలు. డ్యూటీకి బయల్దేరే ముందు కూడా ఆ ఫొటో తీయించొచ్చు.

బడిలో ఏం అడగాలి?
తరగతి గదిలో డిజిటల్ ప్యానెల్ ఉంటే వారానికి ఎన్నిసార్లు వాడుతున్నారు? పిల్లలు స్వయంగా ప్రయోగం చేస్తున్నారా, చూసి ఊరుకుంటున్నారా? తల్లిదండ్రుల సమావేశంలో ఈ రెండు ప్రశ్నలు అడగండి.