రేటు, బరువు, డేటు

"ఎఫ్‌ఎంసీజీ కొనుక్కో బ్రో, సేఫ్." కాలేజీలో చేరినప్పట్నుంచీ నేను ఎక్కువసార్లు విన్న ఇన్వెస్ట్‌మెంట్ సలహా ఇదే. దీని వెనక లాజిక్ కూడా సింపుల్‌గానే ఉంటుంది. చేతిలో డబ్బు ఆడనప్పుడు జనం కొత్త ఫోన్ వాయిదా వేస్తారు, బండి వాయిదా వేస్తారు, పళ్లు తోముకోవడం మాత్రం వాయిదా వెయ్యరు. కాబట్టి సబ్బు, పేస్ట్, బిస్కెట్, నూనె అమ్మే కంపెనీలకి ఢోకా లేదు, షేర్లు కొనేసి నిద్రపోవచ్చు.

ఈ సలహా మన దగ్గరే ఆగితే పెద్ద ఇబ్బంది లేదు. స్టైపెండ్‌లో రెండు వేలు పోతే పోయాయి. కానీ ఇంట్లో డీమ్యాట్ యాప్ వాడటం వచ్చింది మనకే. అందుకే నాన్న రిటైర్మెంట్ డబ్బులు, అమ్మ చిట్టీ ఎత్తిన డబ్బులు ఎక్కడ పెట్టాలని ఇప్పుడు మనల్నే అడుగుతున్నారు. అక్కడ మనం "సేఫ్" అన్న ఒక్క మాట చెప్పి తప్పించుకుంటే సరిపోదు.

నా వాదన ఇది. జనం సబ్బు మానరు, నిజమే. కానీ సబ్బు మార్చొచ్చు. మార్చకపోయినా ఆ కంపెనీ అప్పుల్లో మునిగిపోవచ్చు. అప్పు లేకపోయినా మనం షేర్ కొన్న రేటు మరీ ఎక్కువ కావచ్చు. ఈ మూడూ వేరువేరు ప్రశ్నలు. ఒకదానికి జవాబు దొరికితే మిగతా రెండిటికీ దొరికినట్టు కాదు.

మన ఇళ్లలో బిస్కెట్ ప్యాకెట్ కొనేటప్పుడు ఏం చేస్తారో గమనించండి. వెనక్కి తిప్పి రేటు, బరువు, డేటు చూస్తారు. పది రూపాయల ప్యాకెట్‌కి చూసేవి లక్ష రూపాయల షేర్లకి చూడకపోతే ఎలా? నేను మాత్రం వరసని తిరగేసి, డేటుతో మొదలుపెడతాను.

డేటు: ఈ బలం ఎన్నాళ్లుంటుంది?

ఇన్వెస్టర్లు "మోట్" అనే మాట తెగ వాడతారు. తెలుగులో కందకం. ఓరుగల్లు కోటకి మట్టిగోడ, రాతిగోడ, కందకం ఉన్నట్టే, మంచి కంపెనీ చుట్టూ పోటీదారులు సులభంగా దాటలేనిది ఏదో ఒకటి ఉండాలి. పేరు అందరికీ తెలిసినంత మాత్రాన కందకం ఉన్నట్టు కాదు.

దీనికి పాఠం లాంటి కథ నిర్మాది. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఈ పౌడర్‌ని సొంతంగా తయారుచేసి ఇంటింటికీ తిరిగి అమ్మడం మొదలుపెట్టారు. అప్పటికి బట్టల పౌడర్ అంటే సర్ఫే. సర్ఫ్ రేటులో మూడో వంతు కూడా లేని ధరకి నిర్మా వచ్చేసరికి దేశమంతా అటు తిరిగింది. హిందుస్థాన్ లీవర్ అంతటి కంపెనీ 1980ల చివర్లో వీల్ అనే చవక పౌడర్‌తో దిగి పోటీ పడాల్సొచ్చింది. మళ్లీ 2004లో ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ ఏరియల్, టైడ్ ధరల్ని భారీగా తగ్గించింది. లీవర్ కూడా తగ్గించక తప్పలేదు. 2003లో 1,770 కోట్లున్న లాభం 2004లో 1,200 కోట్లకి పడిపోయింది. ఆ ఏడాది జనం బట్టలు ఉతకడం మానలేదు. కంపెనీ పేరు కూడా ఎవరూ మర్చిపోలేదు. అయినా లాభంలో మూడో వంతు పోయింది.

ఇప్పుడు దీనికి తిరగేసిన ఉదాహరణ. 1993లో రమేష్ చౌహాన్ దగ్గర్నుంచి కోకాకోలా థమ్స్ అప్‌ని కొనుక్కుంది. ప్రపంచంలోనే పెద్ద కోలా బ్రాండ్ తన చేతిలో ఉన్నా, థమ్స్ అప్‌ని పక్కకి తప్పించలేకపోయింది. కారణం తెలియాలంటే మన ఆంధ్రా, తెలంగాణల్లో ఏ బిర్యానీ హోటల్‌కైనా వెళ్లండి. పక్కనే ఇంకో కోలా ఉన్నా చెయ్యి దానిమీదకే పోతుంది. అలవాటు కందకం అయ్యిందంటే అదే. కాకపోతే ఇక్కడో తమాషా ఉంది. థమ్స్ అప్ షేర్ మన మార్కెట్లో కొనలేం. పార్లే-జీ తయారుచేసే పార్లే ప్రోడక్ట్స్ లిస్ట్ కాలేదు. అమూల్ సహకార సంస్థ. సంతూర్ సబ్బు విప్రో ఎంటర్‌ప్రైజెస్‌ది, అది ఐటీ షేర్‌గా మనకి తెలిసిన విప్రో కాదు, లిస్ట్ కూడా కాలేదు. అంటే షాపులో బలంగా కనిపించే బ్రాండ్ అంతా స్టాక్ మార్కెట్లో దొరకదు.

మరి దొరికేవాటిలో కందకం ఉందో లేదో కనిపెట్టడం ఎలా? నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. ముడిసరుకు రేటు పెరిగిన ఏడాది చూడండి. పామాయిల్ పెరిగితే సబ్బు కంపెనీకి దెబ్బ, గోధుమ పెరిగితే బిస్కెట్ కంపెనీకి దెబ్బ. అప్పుడు కంపెనీ ధర పెంచి, లేదా అదే ఐదు రూపాయల ప్యాకెట్లో నాలుగు గ్రాములు తగ్గించి కూడా, అమ్మే టన్నులు తగ్గకుండా నిలబడిందా? రిజల్ట్స్ వచ్చినప్పుడు "సేల్స్ 9 శాతం పెరిగాయి" అన్న హెడ్‌లైన్ దగ్గర ఆగిపోకండి. అందులో ధర వల్ల పెరిగింది ఎంత, వాల్యూమ్ వల్ల పెరిగింది ఎంత అని చూడండి. చాలా కంపెనీలు ఈ లెక్క చెప్తాయి. ఏళ్ల తరబడి ధర పెరుగుతూ వాల్యూమ్ కదలకపోతే, కస్టమర్ మెల్లగా పక్కకి జారుతున్నాడేమో అని అనుమానించాలి.

రెండో కందకం మనలాంటి హాస్టల్ వాళ్లకి కనిపించనిది: డిస్ట్రిబ్యూషన్. హిందుస్థాన్ యూనిలీవర్ తన సరుకు 90 లక్షలకు పైగా దుకాణాలకి చేరుతుందని చెప్తుంది. మనకి అన్నీ పది నిమిషాల్లో యాప్‌లోనే వచ్చేస్తున్నాయి కాబట్టి ఈ నంబర్ పాతకాలంది అనిపిస్తుంది. కానీ మామాఎర్త్ ఓనర్ అయిన హొనాసా కథ చూడండి. ఆన్‌లైన్లో పుట్టి పెరిగి, 2023 నవంబర్‌లో 324 రూపాయల ధరతో ఐపీఓకి వచ్చింది. ఊళ్లలోని షాపులకి సరుకు చేర్చే పద్ధతిని మార్చబోయి, డిస్ట్రిబ్యూటర్ల దగ్గర పేరుకున్న స్టాక్‌ని సర్దుబాటు చేసేసరికి, 2024 సెప్టెంబర్ క్వార్టర్‌లో నష్టం వచ్చింది. రిజల్ట్స్ తర్వాత ఒక్కరోజులో షేర్ 20 శాతం పడింది. ఇన్‌స్టాలో అందరికీ తెలిసిన బ్రాండ్ కూడా మూలనున్న కిరాణా కొట్టు దాకా వెళ్లాలంటే అంత కష్టపడాలి.

బరువు: ప్యాకెట్ లోపల ఏముంది?

ప్యాకెట్ ఉబ్బి కనిపిస్తుంది, లోపల సగం గాలే. కంపెనీలూ అంతే.

న్యూట్రెలా తెలుసు కదా, మనం మీల్ మేకర్ అని పిలిచే సోయా చంక్స్ బ్రాండ్. దాన్ని అమ్మిన రుచి సోయా దేశంలోని పెద్ద వంటనూనె కంపెనీల్లో ఒకటి. జనం నూనె మానేశారా? లేదు. కానీ నూనె వ్యాపారంలో మార్జిన్ సన్నం, దానిమీద అప్పు మాత్రం లావు. 2017 డిసెంబర్‌లో కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. బ్యాంకులకి రావాల్సింది 9 వేల కోట్లకు పైనే ఉంటే, పతంజలి 4,350 కోట్ల ప్లాన్‌తో 2019లో కంపెనీని తీసుకుంది. పాత షేర్‌హోల్డర్లకి ప్రతి 100 షేర్లకి ఒక్కటి మిగిలింది. "వంటనూనె కదా, సేఫ్" అనుకుని కొన్నవాళ్ల సంగతి అదీ.

దీని పక్కన 2015లో మ్యాగీ పెట్టి చూడండి. సీసం, ఎంఎస్‌జీ గొడవలో జూన్ 5న ఎఫ్‌ఎస్‌ఎస్ఏఐ మ్యాగీని మార్కెట్ నుంచి తీసెయ్యమంది. నెస్లే ఇండియా వేల టన్నుల నూడుల్స్ నాశనం చేసింది. ఆ క్వార్టర్‌లో 64 కోట్ల నష్టం. 2014లో 1,185 కోట్లున్న లాభం 2015లో 563 కోట్లకి దిగింది. ఆగస్టులో బాంబే హైకోర్టు బ్యాన్ కొట్టేసింది, నవంబర్‌లో మ్యాగీ మళ్లీ షెల్ఫ్ మీదకొచ్చింది. 2017కి కంపెనీ లాభం 1,225 కోట్లు. జనం మ్యాగీని మళ్లీ కొన్నారంటే అది కందకం. కానీ అయిదు నెలలు మ్యాగీ అమ్మకుండా కంపెనీ బతికిందంటే దానికి కారణం అప్పు దాదాపు లేకపోవడం, మిగతా ప్రోడక్ట్స్ నుంచి డబ్బు వస్తూ ఉండటం. ఇదే దెబ్బ అప్పుల్లో ఉన్న కంపెనీకి తగిలితే, జనం తిరిగొచ్చేసరికి కంపెనీ ఉండేదో లేదో.

ఈ బలం లెక్కల్లో ఎక్కడ కనిపిస్తుంది? మన మెస్‌తో చెప్తాను. మెస్ వాళ్లు సెమిస్టర్ మొదట్లోనే మన దగ్గర డబ్బు కట్టించుకుని, కూరగాయలవాళ్లకి నెలాఖరుకి ఇస్తే, మధ్యలో ఆ డబ్బంతా వాళ్ల చేతిలోనే ఆడుతుంది. పెద్ద ఎఫ్‌ఎంసీజీ కంపెనీలు చాలావరకు ఇలాగే నడుస్తాయి. డిస్ట్రిబ్యూటర్ల నుంచి డబ్బు త్వరగా వస్తుంది, సప్లయర్లకి ఆలస్యంగా వెళ్తుంది. అంటే వ్యాపారం పెరగడానికి బ్యాంక్ లోన్ అక్కర్లేదు. దీనికి వ్యతిరేకంగా, లాభం పెరుగుతున్నా రావాల్సిన బకాయిలు అంతకంటే వేగంగా పెరుగుతుంటే, డిస్ట్రిబ్యూటర్ గోడౌన్లోకి సరుకు తోసి సేల్స్ చూపిస్తున్నారేమో అని ఆలోచించాలి. అందుకే ప్రాఫిట్ పక్కన క్యాష్ ఫ్లో పెట్టి అయిదేళ్లు పోల్చండి. లాభం కాగితం మీద రాయొచ్చు, క్యాష్ బ్యాంక్‌లోకి రావాలి.

రేషియోలు వాడేటప్పుడు కూడా జాగ్రత్త. స్క్రీనర్‌లో ఫిల్టర్ పెట్టి, "రిటర్న్ ఆన్ ఈక్విటీ 20 కంటే ఎక్కువ" అని కొట్టి, వచ్చిన లిస్ట్‌ని రీసెర్చ్ అనుకుంటాం. 2019-20లో హిందుస్థాన్ యూనిలీవర్‌కి ఈ నంబర్ 80 శాతం దాటింది. మరుసటి ఏడాది 20 లోపుకి వచ్చేసింది. వ్యాపారం పాడైందా? లేదు, లాభం పెరిగింది కూడా. హార్లిక్స్ తయారుచేసే జీఎస్‌కే కన్స్యూమర్‌ని 2020 ఏప్రిల్‌లో షేర్లు ఇచ్చి కలుపుకోవడంతో, సుమారు 8 వేల కోట్లున్న నెట్‌వర్త్ 47 వేల కోట్లు దాటింది. మారింది హారం. కోడ్‌లో డినామినేటర్ చెక్ చేసే మనం ఇక్కడ మాత్రం మర్చిపోతాం.

ఇంకో మాట. షెల్ఫ్ మీద కనిపించేదే లాభం తెచ్చేది కాకపోవచ్చు. ఐటీసీ అంటే మనకి ఆశీర్వాద్ ఆటా, సన్‌ఫీస్ట్, బింగో. లాభంలో చాలా పెద్ద భాగం మాత్రం సిగరెట్లది. గుంటూరు వాళ్లకి ఈ సంగతి కొత్త కాదు, ఆ కంపెనీ పొగాకు విభాగం హెడ్ ఆఫీస్ అక్కడే. ఐటీసీ కొనేవాళ్లు గోధుమపిండి రేటు కంటే సిగరెట్ పన్ను గురించి ఎక్కువ పట్టించుకోవాలి.

రేటు: ఎంతకి కొంటున్నాం?

అసలు గొడవ ఇక్కడే. మొదటి రెండు పరీక్షలూ పాసైన కంపెనీ ఏ రేటుకైనా మంచిదే అని చాలామంది సీనియర్లు చెప్తారు. ఇరవై ఏళ్లు పట్టుకుంటే అదే సర్దుకుంటుంది అంటారు. నేను ఒప్పుకోను.

2000 మొదట్లో హిందుస్థాన్ లీవర్ షేర్ 200 రూపాయల పైన ఉంది. పదేళ్ల తర్వాత, 2010 మొదట్లో కూడా దాదాపు అక్కడే ఉంది. ఈలోపు సెన్సెక్స్ 5 వేల పైచిలుకు నుంచి 17 వేలు దాటింది. మధ్యలో డివిడెండ్లు వచ్చాయి, కాదనను. కానీ పదేళ్లు!

పాత కథ అంటారా? 2020 డిసెంబర్ చివర్లో అదే షేర్ 2,400 దగ్గర ఉంది. 2024 డిసెంబర్ చివర్లో 2,330 దగ్గర. 2020-21లో సుమారు 7,950 కోట్లున్న లాభం 2023-24కి 10,100 కోట్లు దాటింది. లాభం పెరిగింది, షేర్ కదల్లేదు. ఎందుకంటే 2020లో ఆ రేటు ఒక్కో షేర్ మీద ఏడాదికి వచ్చే లాభానికి 70 రెట్లు. అంటే 100 రూపాయలు పెడితే, మన వాటాకి వచ్చే లాభం రూపాయిన్నర లోపు. అదే సమయంలో బ్యాంక్ ఎఫ్‌డీ 5 శాతం పైన ఇస్తోంది. ఎఫ్‌డీ వడ్డీ పెరగదు, కంపెనీ లాభం పెరుగుతుంది, నిజమే. కానీ ఎంతో కాలం తర్వాత రావాల్సిన పెరుగుదలకి కూడా ముందే డబ్బు కట్టేశాక, కంపెనీ బాగా నడిచినా మన చేతికి మిగిలేది ఉండదు.

పందొమ్మిదేళ్ల మనం పదేళ్లు ఆగగలం. అరవైలో ఉన్న నాన్నకి ఆ పదేళ్లే ముఖ్యం. మోకాళ్ల ఆపరేషన్లూ, చెల్లి పెళ్లీ, ఇంటి రిపేర్లూ అన్నీ ఆ పదేళ్లలోనే వస్తాయి.

ఎఫ్‌ఎంసీజీ కొనొద్దని నేను అనట్లేదు. అప్పు లేకుండా, ఏటా క్యాష్ తెచ్చే వ్యాపారాలు మన మార్కెట్లో అన్ని రంగాల్లోనూ దొరకవు. చెడ్డ రోజు వచ్చి, కంపెనీ బాగానే ఉండి, రేటు దిగినప్పుడు వాటిని కొనడానికి ముందే చదివి పెట్టుకోవాలి అంటున్నాను. యాన్యువల్ రిపోర్ట్ కంపెనీ సైట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. మొదటి యాభై పేజీల ఫోటోలు వదిలేసి, క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్, అప్పుల నోట్, సెగ్మెంట్ల వారీ లాభం, ఈ మూడు చదవండి. మిడ్ ఎగ్జామ్‌కి ముందు రాత్రి మనం చదివే పేజీలకంటే తక్కువే.

ఇంట్లో ఎవరైనా అడిగితే "సేఫ్" అనకండి. ఈ కంపెనీ బలం దీనివల్ల, దీనికి అప్పు ఇంత, ఇప్పుడు రేటు లాభానికి ఇన్ని రెట్లు అని చెప్పండి. ఆ మూడూ చెప్పలేకపోతే, ఆ డబ్బు ఇంకొన్నాళ్లు ఎఫ్‌డీలోనే ఉండనివ్వండి.