అడవి కాసేవాళ్లే ఆదుకున్నారు

2024 జులై 30 తెల్లవారుజామున కేరళలోని వయనాడ్ జిల్లాలో పుంచిరిమట్టం, ముండక్కై, చూరల్‌మల ఊళ్లు నిద్రలో ఉండగానే కొండచరియలు మీద పడ్డాయి. 250 మందికి పైగా పోయారు. చాలియార్ నదిలో కొట్టుకుపోయిన శవాలు నిలంబూర్ అడవుల్లో దొరికాయి. సైన్యం బెయిలీ వంతెన కట్టడం టీవీలో అందరం చూశాం. అటవీ సిబ్బంది గురించి మాత్రం తక్కువే చెప్పుకున్నాం.

ఆ వారంలోనే అట్టమల దగ్గర ఒక పణియ ఆదివాసీ తల్లి, బిడ్డతో తిండి కోసం తిరుగుతూ అటవీ సిబ్బంది కంటపడింది. భర్త, మిగతా పిల్లలు లోయ అవతల గుహలో ఉండిపోయారట. సిబ్బందిలో నలుగురు బయల్దేరారు. వానకు బండలు జారుతున్నాయి. చెట్లకూ రాళ్లకూ తాళ్లు కట్టుకుంటూ గుహ చేరారు. పిల్లలు ఆకలితో, చలితో నీరసించిపోయి ఉన్నారు. చేతిలో ఉన్నదేదో తినిపించారు. అడవి విడిచి రావడానికి తండ్రి మొదట ఒప్పుకోలేదు. బతిమాలారు. చివరికి దుప్పటి చింపి, ఆ ముక్కలతో పిల్లల్ని తమ ఒంటికి కట్టుకుని అదే దారిన తిరిగొచ్చారు.

వాళ్ల తెగువకు దండం పెట్టాల్సిందే. కానీ తెగువ ఒక్కటే చాలదు. ఏ కుటుంబం ఏ వాలులో బతుకుతోందో, ఎలా మాట్లాడితే మాట వింటుందో తెలిసినవాళ్లకే ఇది సాధ్యం.

ఆర్నెల్ల ముందు అదే జిల్లాలో జనం అటవీ శాఖ మీద మండిపడ్డారు. ఫిబ్రవరిలో మానంతవాడి దగ్గర ఏనుగు ఇంటి ఆవరణలోకి దూసుకొచ్చి ఒకరిని చంపింది. రోజుల తేడాలో మరో ప్రాణం పోయింది. ఆ కోపం అన్యాయమని నేననను. మార్చిలో కేరళ ప్రభుత్వం మనుషులకూ వన్యప్రాణులకూ మధ్య ఘర్షణను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. ఐదు నెలలు తిరక్కుండానే కొండ విరిగిపడింది. ఆ జిల్లా జనానికి ఏనుగు భయమూ, కొండ భయమూ రెండూ నిత్యం ఉన్నవే. రెండింటికీ ముందు పరుగెత్తేది అటవీ శాఖ వాచర్లే. వాళ్లలో చాలామంది ఆదివాసీలు, తాత్కాలిక ఉద్యోగులు.

పునరావాసంలోనూ ఈ రెండింటినీ కలిపే చూడాలి. కొండవాలు నుంచి తప్పించి ఏనుగుల దారిలో ఇల్లు కట్టిస్తే ఏం లాభం? తిరునెల్లి-కుద్రకోట్ ఏనుగుల దారిలో ఉన్న కుటుంబాలతో మాట్లాడి, వాళ్లు ఒప్పుకున్నాకే వేరేచోట ఇల్లూ భూమీ ఇచ్చిన అనుభవం వయనాడ్‌కే ఉంది. ఓపిక కావాలి, అంతే.

మన పార్వతీపురం మన్యంలోనూ ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులు ఏళ్లుగా పంటలు తొక్కుతున్నాయి. వాటి వెంట తిరిగే ట్రాకర్లకు అక్కడి గుట్టలు, వాగులు కొట్టిన పిండి. జిల్లా విపత్తు ప్రణాళికలో వాళ్ల పేర్లు ఎక్కించండి. తాళ్లతో దిగడం, ప్రథమ చికిత్స నేర్పించండి. వైర్‌లెస్ సెట్లు ఇవ్వండి. నెల తిరిగేసరికి జీతం చేతిలో పెట్టండి. వచ్చే వానాకాలంలోపే ఇవన్నీ జరగాలి.