పదవుల పొత్తు సరే, పనుల పొత్తు ఏదీ?

మెట్ట మాట – కళ్యాణదుర్గం నుంచి

1953 అక్టోబర్ 1న కర్నూలులో ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. ఆఫీసులకు కట్టడాలు చాలక గుడారాలు వేశారు. ఆ గుడారాల కింద కొలువుదీరింది పొత్తుల ప్రభుత్వమని ఇప్పుడు చాలామందికి గుర్తు లేదు. సభలో సభ్యులు 140 మంది. ఏ పార్టీకీ సొంతంగా మెజారిటీ లేదు. కాంగ్రెస్‌ను వీడి వేరే పార్టీ పెట్టుకున్న టంగుటూరి ప్రకాశం పంతులు గారినే కాంగ్రెస్ తన మద్దతుతో ముఖ్యమంత్రి పీఠం ఎక్కించింది. ఉపముఖ్యమంత్రి మన అనంతపురం జిల్లా ఇల్లూరు వాసి నీలం సంజీవరెడ్డి గారు. ఆర్థిక, న్యాయ శాఖలు విశాఖ వైపు నాయకుడు తెన్నేటి విశ్వనాథం గారి చేతికి వచ్చాయి.

వీళ్ల మధ్య గతం తక్కువది కాదు. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీ జరిగితే సంజీవరెడ్డి గారు రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారిని ఓడించారు. ఆ పోరు తర్వాతే ప్రకాశం గారు, రంగా గారు కాంగ్రెస్ నుంచి బయటికి నడిచారు. రంగా గారు కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో సంజీవరెడ్డి గారు అనంతపురంలో కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి గారి చేతిలో ఓడిపోయారు. అయినా కొత్త రాష్ట్రం నిలబడాలంటే కత్తులు దూసుకున్నవాళ్లే ఒక బల్ల చుట్టూ కూర్చోక తప్పలేదు. కూర్చున్నారు. అది చిన్న విషయమని నేననుకోను.

ఆ పదమూడు నెలల్లో కొన్ని మంచి పనులు జరిగాయి. 1952లో తెగిన కృష్ణా ఆనకట్ట స్థానంలో బ్యారేజీ పని మొదలైంది. 1954 సెప్టెంబర్‌లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది. కానీ మద్య నిషేధం దగ్గర ముడి బిగిసింది. నిషేధం ఎత్తివేయాలని రామమూర్తి కమిటీ సిఫారసు చేసింది. ప్రకాశం గారు ఒప్పుకోలేదు. కల్లుగీత కార్మికుల ఆందోళన ఊళ్లలో రాజుకుంది. 1954 నవంబర్ 6న అవిశ్వాస తీర్మానం నెగ్గింది, ఒక్క ఓటు తేడాతో. తర్వాత రాష్ట్రపతి పాలన, 1955లో మళ్లీ ఎన్నికలు. ఈసారి కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశం గారి ప్రజాపార్టీ ముందే చేతులు కలిపి 196 సీట్లలో 146 గెలిచాయి. బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఉపముఖ్యమంత్రి మళ్లీ సంజీవరెడ్డి గారే.

ఈ చరిత్రను ఎవరు పడిపోయారు, ఎవరు లేచారు అన్న లెక్కతోనే చెబుతుంటారు. మా మెట్ట నేల మీద నిలబడి చూస్తే నాకు వేరే లెక్క కనిపిస్తుంది. కర్నూలులో ప్రమాణ స్వీకారం జరిగిన ఆ రోజే బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. దానితో పాటే హొసపేట దగ్గరి తుంగభద్ర డ్యాం కూడా పొరుగు రాష్ట్రం పాలైంది. పక్కనున్న రాయదుర్గం తాలూకా బళ్లారి జిల్లా నుంచి విడిపోయి మనకు వచ్చింది. అంటే జిల్లా బిడ్డ ఉపముఖ్యమంత్రి అయిన పూటే జిల్లాకు నీళ్లు రావలసిన డ్యాం సరిహద్దు దాటింది. ఎగువ కాలువలో మన వాటా 32.5 టీఎంసీలని కాగితం చెబుతుంది. డ్యాంలో పూడిక పేరుకుని 133 టీఎంసీల నిల్వ 105 దగ్గరికి దిగిపోయింది, వాటా నీళ్లు నిండుగా చేరిన ఏళ్లు అరుదు. కళ్యాణదుర్గం ఎత్తు నేలకు ఆ కాలువ అందనే అందదు.

అసలు రాయలసీమ చేతిలో అంతకు ముందే ఒక ఒప్పందం ఉంది. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని రాసుకున్నారు. మన జిల్లా నుంచి కల్లూరు సుబ్బారావు గారు, పప్పూరి రామాచార్యులు గారు సంతకాలు పెట్టారు. సీమ కోస్తాతో సమానమయ్యే దాకా తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో సాగునీటికి సీమకే మొదటి వరస అన్నది అందులోని ఆయువుపట్టు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం అన్నదీ ఉంది. అది పీజీ సెంటర్‌గా రావడానికి 1968, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కావడానికి 1981 పట్టింది. నీళ్ల మాట ఇంకా నడుస్తూనే ఉంది. రెండు ప్రాంతాల పొత్తుకు రాసుకున్న ఆ పత్రాన్ని పార్టీల పొత్తులో కూర్చున్న మంత్రివర్గం ఏదీ తన కార్యక్రమంగా సభ ముందు పెట్టి, ఇన్నేళ్లలో ఇంత చేస్తామని చెప్పలేదు. నా బాధంతా అక్కడే ఉంది.

సరిగ్గా అదే 1953లో నెదర్లాండ్స్‌లో ఏం జరిగిందో చూడండి. ఫిబ్రవరి 1 తెల్లవారుజామున ఉత్తర సముద్రం కట్టలు తెంచుకుని జీలండ్ ప్రాంతాన్ని ముంచింది. 1,836 మంది చనిపోయారు. అప్పుడక్కడ ఉన్నదీ పొత్తుల ప్రభుత్వమే. ప్రధాని విల్లెం డ్రేస్ లేబర్ పార్టీ మనిషి. ముందటి ఏడాది ఎన్నికల్లో వంద సీట్ల సభలో లేబర్‌కు 30, కాథలిక్ పార్టీకి 30 వచ్చాయి. ఆ రెండూ కలిస్తేనే మెజారిటీకి చాలు. అయినా ఇంకో రెండు ప్రొటెస్టెంట్ పార్టీలను కూడా మంత్రివర్గంలోకి పిలిచారు. యుద్ధం పాడుచేసిన దేశాన్ని మళ్లీ కట్టాలంటే పునాది వెడల్పుగా ఉండాలన్నది డ్రేస్ నమ్మకం. జలవనరుల మంత్రి యాకోబ్ అల్గెరా అలా వచ్చిన ఒక ప్రొటెస్టెంట్ పార్టీవాడే.

వరద వచ్చిన మూడు వారాల లోపే డెల్టా కమిషన్ వేశారు. 1958 మేలో డెల్టా చట్టం చేశారు. సముద్రపు పాయలను ఒక్కొక్కటిగా మూసే పని అందులో ఉంది. అదే ఏడాది డిసెంబర్‌లో తాత్కాలిక పన్నులను ఎన్నేళ్లు పొడిగించాలన్న తగవులో డ్రేస్ మంత్రివర్గం కూలిపోయింది. మంత్రులు ఇళ్లకు వెళ్లారు గానీ కట్టల పని ఆగలేదు. ఎందరో ప్రధానులు మారారు, వచ్చిన ప్రతి ప్రభుత్వమూ పొత్తులదే, ఎందుకంటే అక్కడ ఈ వందేళ్లలో ఏ పార్టీకీ సొంత మెజారిటీ రాలేదు. 1970లలో ఊస్టర్‌స్కెల్డె పాయ దగ్గర పెద్ద గొడవ జరిగింది. పాయను పూర్తిగా మూస్తే ఆల్చిప్పలు, జలచరాలు చస్తాయని జాలర్లు, ప్రకృతి ప్రేమికులు ఎదురు తిరిగారు. అయిదు పార్టీల మంత్రివర్గం దాదాపు చీలేదాకా వచ్చింది. చివరికి కట్ట బదులు గేట్లున్న అడ్డుకట్ట కట్టారు, అవసరమైనప్పుడే దించేట్టు. అది 1986లో తెరుచుకుంది. రోటర్‌డాం దారిలో చివరి గేటు 1997లో పూర్తయింది. 44 ఏళ్ల పని. నక్షా మారింది, ఖర్చు పెరిగింది, వాదనలు జరిగాయి. పని మాత్రం ఏ పార్టీ సొత్తూ కాలేదు.

మరో మనిషి గురించి చెప్పాలి. సిక్కో మన్స్‌హోల్ట్ స్వయంగా సేద్యగాడు, సముద్రాన్ని తోడి సాధించిన వీరింగర్‌మేర్ పొలాల్లో వ్యవసాయం చేసినవాడు. 1945లో, 36 ఏళ్లకు వ్యవసాయ మంత్రి అయ్యాడు. 1958 దాకా పొత్తులు మారాయి, ప్రధానులు మారారు, ఆయన మాత్రం అదే శాఖలో ఉన్నాడు. పన్నెండేళ్లకు పైగా ఒకే మనిషి ఒకే శాఖను చూస్తే ఆ శాఖలో పునాదులు ఎంత లోతుకు దిగుతాయో మన రైతులు ఊహించుకోవచ్చు.

ఆ దేశాన్ని దేవతల దేశంగా చూపడం నా ఉద్దేశం కాదు. అదే డ్రేస్ ప్రభుత్వం 1948 డిసెంబర్‌లో ఇండోనేషియా స్వాతంత్ర్యాన్ని అణచడానికి సైన్యాన్ని దించింది. దాన్ని ఎదిరించి 1949 జనవరిలో నెహ్రూ గారు ఢిల్లీలో పలు దేశాలను పిలిచి సభ పెట్టారు. అందరూ కలిసి కూర్చున్నంత మాత్రాన చేసేది ధర్మం అయిపోదు. కానీ 1954లో అక్కడి కాథలిక్ బిషప్పులు సోషలిస్టు కార్మిక సంఘాల్లో చేరవద్దని, వాళ్ల రేడియో వినవద్దని ఆజ్ఞ జారీ చేసినప్పుడు, కాథలిక్ మంత్రులు లేబర్ మంత్రుల పక్కనే కూర్చుని పని సాగించారు. సరిగ్గా ఆ ఏడాదే మన దగ్గర మద్యం మీద పేచీతో కర్నూలు ప్రభుత్వం పడింది. నిషేధం చిన్న సమస్య అనడం లేదు నేను. ఆ సమస్యలో ఎవరి మాట ఎంతవరకు చెల్లాలో పదవులు పంచుకున్న రోజే తేల్చుకుని ఉంటే బాగుండేదని అంటున్నాను.

నెదర్లాండ్స్‌లో 1963 నుంచి ఒక ఆనవాయితీ స్థిరపడింది. ఎన్నికలయ్యాక పార్టీలు కూర్చుని, ఏ పని ఎప్పుడు ఎంత డబ్బుతో చేస్తామన్నది పత్రంగా రాసుకుంటాయి, ఆ తర్వాతే మంత్రుల పేర్లు తేలుతాయి. 2021 ఎన్నికల తర్వాత దీనికి 299 రోజులు పట్టింది. అన్ని రోజులు దేశాన్ని వేచి ఉంచడం తప్పేనని అక్కడివాళ్లే అన్నారు. నాకు నచ్చింది ఆలస్యం కాదు, ఆ వరస. ముందు పని, తర్వాత మంత్రి. పైగా అక్కడ మంత్రి అయినవాడు సభ్యత్వం వదులుకోవాలి, కాబట్టి సొంత పార్టీవాళ్లు కూడా సభలో ఎదురు కూర్చుని అతన్ని నిలదీస్తారు.

కుందుర్పి వైపు వెళ్లే దారిలో ఒక చెరువుంది. కట్ట బాగానే ఉంది, తూము రాళ్లు చెక్కుచెదరలేదు. లోపల నిలువెత్తు కంపచెట్లు. తూము నోట్లో మేకలు ఎండ తప్పించుకుని పడుకుంటాయి. కట్ట మీద కూర్చున్న పెద్దాయనను కాలువ గురించి అడిగితే, “మంత్రులు మన జిల్లావోళ్లే నాయనా. నీళ్ల మాట కాగితం మీద యాడుంది?” అన్నాడు. శెనక్కాయ వేసిన పొలం ఆయన వెనకాలే ఉంది, ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేయడంతో ఆకులు మధ్యాహ్నానికే ముడుచుకుపోయాయి.

కృష్ణా నీళ్లు 2012లో బెళుగుప్ప మండలం జీడిపల్లి దాకా వచ్చాయి. హంద్రీ-నీవా పథకం 40 టీఎంసీలతో ఆరు లక్షల ఎకరాలు తడపాలని పుట్టింది. ఎన్.టి. రామారావు గారి కాలం నుంచి ఎన్ని పునాదిరాళ్లు, ఎన్ని శిలాఫలకాలు! ఆ జీడిపల్లి నుంచి వేదవతి మీది భైరవానితిప్ప ప్రాజెక్టుకు నీళ్లు తోడి, దారిలో కళ్యాణదుర్గం చెరువులు నింపే కాలువ పని ఆగుతూ సాగుతూ ఉంది. భైరవానితిప్పకు ఎగువన కర్ణాటకలో వాణీ విలాస సాగరం వేదవతి నీళ్లను ఆపుతుంది. అది 1933 తర్వాత 2022 దాకా పొంగలేదు. ఆ లెక్కన మా వేదవతి ఆయకట్టు ఎప్పుడో ఒకసారి కురిసే అదృష్టం మీద ఆధారపడి ఉంది.

2024 జూన్ నుంచి రాష్ట్రంలో మళ్లీ పొత్తుల ప్రభుత్వమే నడుస్తోంది. తెలుగుదేశం, జనసేన, బీజేపీ. పాత ఉమ్మడి అనంతపురం జిల్లా నుంచే ముగ్గురు మంత్రులున్నారు. ఆర్థిక శాఖ ఉరవకొండ పయ్యావుల కేశవ్ గారిది, వైద్య ఆరోగ్యం ధర్మవరం సత్యకుమార్ యాదవ్ గారిది, బీసీ సంక్షేమం పెనుకొండ సవిత గారిది. ఇందులో రెండు పార్టీల వాళ్లున్నారు. ఇంతకు ముందు ప్రభుత్వాల్లోనూ కళ్యాణదుర్గం నుంచి గెలిచినవాళ్లు మంత్రులయ్యారు, రఘువీరారెడ్డి గారు రెవెన్యూ చూశారు, ఉషశ్రీ చరణ్ గారు మహిళా శిశు సంక్షేమం చూశారు. మా మండలాలకు మంత్రుల కొరత ఎప్పుడూ లేదు.

కాబట్టి అడిగేది ఒక్కటే. జీడిపల్లి–భైరవానితిప్ప కాలువలో తవ్వకం ఎంత మిగిలింది, ఏ రైతు భూమికి పరిహారం ఇంకా రావాలి, ఏ నెలకు నీళ్లు ఏ చెరువు దాకా చేరుతాయి, దానికి ఏ ఏడాది ఎంత డబ్బు ఇస్తారు, ఇవన్నీ మూడు పార్టీల నాయకుల సంతకాలతో ఒక పత్రంగా రాసి వచ్చే బడ్జెట్ సమావేశాల్లో సభలో పెట్టాలి. శ్రీబాగ్ పత్రంలోని నీటి షరతును దానికి మొదటి పేజీగా చేర్చాలి. రేపు ఈ పొత్తు చెదిరినా, ఇంకొకరు గద్దెనెక్కినా ఆ పత్రాన్ని మార్చాలంటే సభలో చర్చించి మార్చేట్టు చట్టం చేయాలి. కేశవ్ గారు సొంతంగా తయారుచేసే బడ్జెట్‌లోనే ఈ పని మొదలుపెట్టవచ్చు, ఎందుకంటే జీడిపల్లి ఉన్న బెళుగుప్ప ఆయన నియోజకవర్గంలోదే.