పేరు దొరకాలంటే పట్టిక ఏ వరుసలో ఉండాలి?

"లేదు" అని చెప్పడం కంప్యూటర్‌కు చాలా తేలిక. మనం అడిగిన పేరుకూ లోపల ఉన్న పేరుకూ ఒక్క అక్షరం తేడా ఉన్నా "లేదు" అంటుంది. దాని పని అయిపోయింది. అడుగుతున్నది జగిత్యాల నుంచి ఫోన్ చేసిన ఒక తల్లి అయితే, కొడుకు ఏ ఆసుపత్రిలో ఉన్నాడో ఆమెకు ఇంకా తెలియకపోతే, ఆ "లేదు" బరువు వేరు.

నేను చెప్పబోయే పట్టిక సౌదీలో మదీనా ప్రాంతంలో ఉన్న తెలుగువాళ్ళది. మదీనా ప్రాంతం అంటే మదీనా ఊరు మాత్రమే కాదు, ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న యన్బూ కూడా అందులోదే. నేను ఉద్యోగం చేసింది యన్బూలో. ఆ రోజుల్లో మాకు ఒక నోటుపుస్తకం ఉండేది. పేరు, తండ్రి పేరు, ఊరు, బ్లడ్ గ్రూపు, ఇంటి ఫోను. అప్పట్లో మదీనాలో హరమ్ హద్దు లోపలికి ముస్లిములు కానివాళ్ళు వెళ్ళకూడదనే నియమం ఉండేది. లోపల మనవాళ్ళెవరికైనా ఆపద వస్తే మేము వెళ్ళలేకపోయేవాళ్ళం. కడప, నిజామాబాద్ ముస్లిం మిత్రులే వెళ్ళి చూసి వచ్చేవారు. పుస్తకం రెండో ప్రతి వాళ్ళ దగ్గర ఉండేది.

ఇప్పుడు నేను సికింద్రాబాద్‌లో ఒక గుడిలో అర్చన టికెట్ల దగ్గర కూర్చుంటున్నాను. అక్కడి మిత్రులు ఆ పుస్తకాన్ని ప్రోగ్రాంగా మార్చమని నాకు పంపారు. గుడిలో సేవకు వచ్చే ఇంజనీరింగ్ పిల్లలకు చూపించాను. వెంటనే అన్నారు: "అంకుల్, హాష్ టేబుల్ పెట్టేద్దాం. అన్నిటికంటే స్పీడు."

హాష్ టేబుల్ నాకు తెలుసు. అది మా గుడి బయట చెప్పుల స్టాండు లాంటిది. టోకెన్ మీద 47 అని ఉంటే నేరుగా 47వ గూటికి వెళ్తారు, చెప్పులు ఇస్తారు. పక్క గూళ్ళు చూడాల్సిన పనే లేదు. బాగుంది. కానీ టోకెన్ పోతే? గూళ్ళ వరుసకూ చెప్పుల రంగుకూ సంబంధం లేదు కదా. నలభై ఏడు పక్కన ఎవరి చెప్పులైనా ఉండొచ్చు.

మదీనా నుంచి ఫోన్ చేసే మనిషి చేతిలో సరైన టోకెన్ ఎప్పుడూ ఉండదు. ఆయన సగం విన్న పేరు చెబుతాడు. శ్రీనివాస్ అంటాడు. అసలు మనిషి శ్రీనివాసులు కావచ్చు, శ్రీనివాసరావు కావచ్చు. పేర్లు వరుసలో ఉంటే ఈ ముగ్గురూ ఒకేచోట కనిపిస్తారు. హాష్‌లో ముగ్గురూ మూడు మూలల్లో ఉంటారు. అందుకే నా అభిప్రాయం గట్టిగా చెబుతున్నాను: మనుషుల పేర్లు వెతకడానికి వరుసలో పెట్టిన పట్టికే కావాలి.

దాని వేగం గురించి భయం వద్దు. వరుసలో ఉన్న పట్టికను మధ్యలో తెరుస్తాం. మనకు కావలసిన పేరు ముందుందా, వెనకుందా చూస్తాం. సగం వదిలేస్తాం. మిగిలిన సగంలో మళ్ళీ మధ్య. వెయ్యి పేర్లలో ఒక పేరు ఉందో లేదో తేలడానికి 10 పోలికలకు మించవు. పది లక్షల పేర్లయినా 20. కొత్త పేరు చేర్చినప్పుడు తర్వాతి పేర్లన్నీ ఒక అడుగు జరగాలి. అది వద్దనుకునేవాళ్ళకు చెట్టు ఆకారంలో పెట్టే పద్ధతులున్నాయి. తనంతట తానే సమతూకం నిలుపుకునే చెట్లలో మొదటిది 1962లో ఇద్దరు సోవియట్ గణితజ్ఞులు కనిపెట్టిన ఏవీఎల్ చెట్టు. జావాలో ట్రీమ్యాప్, సీ ప్లస్ ప్లస్‌లో మ్యాప్ అనే పెట్టెలు తయారుగానే దొరుకుతాయి. మా పట్టికలో కొన్ని వందల పేర్లే. నాకు మామూలు వరుస చాలు. చీమను కొట్టడానికి రోకలి ఎందుకు?

అసలు చిక్కు వేగంలో లేదు. వరుస అంటే ఏ వరుస?

నేను చదివింది ఇంగ్లిష్ మీడియం. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. "అకారాది క్రమం" అనే మాట అప్పుడే తెలిసింది, చాలా నచ్చింది. అ మొదలుకొని వచ్చే వరుస అని. పలకమీద దిద్దిన వరుసలో అం, అః అనేవి ఔ తర్వాత వస్తాయి. ళ, క్ష, ఱ అన్నిటికంటే చివర. కానీ కంప్యూటర్ అక్షరాలను చూడదు, వాటి నంబర్లను చూస్తుంది. యూనికోడ్‌లో సున్న నంబరు 3074, అ నంబరు 3077. సున్న అ కంటే ముందు! ళ నంబరు 3123, వ నంబరు 3125. అంటే ళ వచ్చి ల పక్కన కూర్చుంది.

రెండు వరుసల్లో ఏదైనా పరవాలేదు అనేవాళ్ళున్నారు. సరే, కానీ రెండూ కలిస్తే ఏమవుతుందో చూడండి. బడి వరుసలో అయిదు పేర్లు పెట్టాం: కమల, కరుణ, కవిత, కళావతి, కుమారి. వెతికే ప్రోగ్రాం మాత్రం నంబర్లతో పోలుస్తోంది. కళావతి కోసం మధ్యలో తెరిచింది. కవిత కనిపించింది. 3123 చిన్నది, 3125 పెద్దది, కాబట్టి కళావతి ముందే ఉండాలి అనుకుంది. కవిత తర్వాతి సగం వదిలేసింది. కమల, కరుణ చూసింది. "లేదు" అంది. కళావతి పక్కనే ఉంది! పట్టికలో తప్పు లేదు, వెతికే పద్ధతిలోనూ తప్పు లేదు. రెండూ రెండు వరుసలను నమ్ముకున్నాయి, అంతే. అందుకే పోల్చే పద్ధతి ఒక్కచోటే రాయాలి. చేర్చేటప్పుడూ, వెతికేటప్పుడూ దాన్నే పిలవాలి. నేను బడి వరుసనే ఎంచుకున్నాను. ఆ పట్టిక అచ్చు తీసి చేత్తో తిరగేసేవాళ్ళకు తెలిసింది ఆ వరుసే.

ఇంకొక దొంగ ఉన్నాడు. కంటికి కనిపించని అక్షరం, నంబరు 8204. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట్, వ కలిసిపోకుండా మధ్యలో పెడతారు. కొన్నిసార్లు పేరు చివర పొల్లు తర్వాత కూడా వచ్చి చేరుతుంది. అప్పుడు శ్రీకాంత్ అనే పేరు రెండు రకాలుగా ఉంటుంది. చూడటానికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు వేరు వేరు. లోపలికి తీసుకునేముందే దాన్ని తుడిచేయాలి.

ఇంతవరకు తెలుగు చిక్కులు. మదీనా చిక్కు వేరే ఉంది. అక్కడ మన మనిషి పేరు మూడు లిపులు దాటుతుంది. ఇంట్లో తెలుగు, పాస్‌పోర్టులో ఇంగ్లిష్, అక్కడి ఇకామా కార్డు మీద అరబీ. అరబీలో ప లేదు, బ తో రాస్తారు. చ లేదు, త, ష కలిపి రాస్తారు. ట, డ, ణ, ళ లేవు. హ్రస్వ అచ్చులు సాధారణంగా రాయనే రాయరు. ఓ, ఊ రెండిటికీ ఒకే అక్షరం. పోషయ్య అనే పేరు అరబీలోకి వెళ్ళి తిరిగి వస్తే బూషయ్య అవుతుంది.

ఇలాంటి కబురు ఒకటి మా రోజుల్లో ఒక ఆసుపత్రి నుంచి వచ్చింది. పుస్తకంలో బ పేజీలన్నీ తిరగేశారు, లేదు. ప పేజీ తెరవాలని తట్టింది అరబీ చదివిన నిజామాబాద్ మిత్రుడికి. అప్పటికి రెండు రోజులు గడిచాయి. రెండు రోజులు ఇంట్లోవాళ్ళకు ఏమీ తెలియదు.

వరుసకు ఏది ఆధారం అనే ప్రశ్న అరబీవాళ్ళకూ పాతదే. ఎనిమిదో శతాబ్దంలో బస్రాలో అల్ ఖలీల్ అనే పండితుడు తన నిఘంటువు కితాబ్ అల్ ఐన్‌ను శబ్దం పుట్టే చోటును బట్టి కూర్చాడు. గొంతు లోతుల్లో పుట్టే ఐన్ మొదట, పెదవుల శబ్దాలు చివరి వైపు. ఇది మనకు కొత్తగా అనిపిస్తుందా? మన వర్గాలూ అంతే కదా, కంఠంలో క తో మొదలై పెదవుల మీద ప దాకా. తర్వాత వచ్చిన కొన్ని పెద్ద అరబీ నిఘంటువుల్లో మాటలు ధాతువులోని చివరి అక్షరం వరుసలో ఉంటాయి. ప్రాసలు వెతికే కవులకు అది ఎంతో వీలు. తెలుగు కవికైతే రెండో అక్షరం వరుస కావాలేమో! ఎవరు వెతుకుతున్నారో వాళ్ళకు తెలిసినదాన్ని బట్టే వరుస పెట్టాలి.

మాకు ఫోన్ చేసేవాడికి తెలిసింది పేరు పలికిన తీరు మాత్రమే. కాబట్టి ప్రతి పేరుకూ రెండు తాళంచెవులు పెట్టాను. ఒకటి అసలు తెలుగు పేరు. రెండోది కుదించిన పేరు. అందులో అచ్చులు ఉండవు, ఒత్తులు ఉండవు. ప, ఫ, బ, భ నాలుగూ ప. ట వర్గం త వర్గంలో కలుస్తుంది. శ, ష ఒకటే, ళ వెళ్ళి ల లో కలుస్తుంది. ఇలాంటి ఆలోచన అమెరికాలో 1918లోనే సౌండెక్స్ పేరుతో పేటెంటు పొందింది. దాన్ని ఇంగ్లిష్ పలుకుబడి కోసం చేశారు, మనకు సరిపోదు. మన వర్ణమాల ఏ అక్షరం ఏ అక్షరానికి చుట్టమో వర్గాలుగా ముందే చెప్పి పెట్టింది. పోషయ్య, బూషయ్య ఇద్దరూ ఇప్పుడు పశయ. అప్పుడు పక్కనే పశ కనిపిస్తుంది. అది బాషా. పోషయ్య, బాషా ఒకే పేజీలో ఉంటారు, కన్ను సరైనవాడిని ఏరుకుంటుంది.

ఒకే పేరు చాలామందికి ఉంటుంది కాబట్టి తాళంచెవికి తండ్రి పేరు, ఊరు కూడా తగిలించాను. ఇంటిపేరుతో వెతికేవాళ్ళ కోసం అదే మనిషిని ఇంటిపేరు కింద ఇంకోసారి చేర్చాను. పిల్లలు "చోటు వృథా అంకుల్" అన్నారు. తెలుగు అక్షరం ఒక్కొక్కటి మూడు బైట్లు, పేర్లు కొన్ని వందలు. అంతా కలిపినా ఒక ఫోటో అంత ఉండదు.

గ మాత్రం ఇంకా తేలలేదు. అరబీలో దానికి సొంత అక్షరం లేదు. కొందరు గుమాస్తాలు క తో రాస్తారు, కొందరు గొంతులోంచి పలికే ఘైన్‌తో. ఈజిప్టు గుమాస్తా అయితే జీమ్‌తో రాస్తాడు, ఎందుకంటే వాళ్ళ నోట జీమ్ అంటే గ. అదే కార్డును సౌదీ నర్సు చదివితే జ. కాబట్టి ప్రస్తుతానికి గంగాధర్ పట్టికలో రెండు చోట్ల ఉన్నాడు, క దగ్గర ఒకసారి, చ దగ్గర ఒకసారి. గోపాల్, గణేశ్, గంగారాం కూడా అంతే.